అక్క ఏడిస్తే లాక్

తమ్ముడి సినిమాలకు మొదటి ప్రేక్షకురాలు అక్క. ప్రేక్షకురాలు అన్నది మర్యాదకు అనే మాట. నిజానికి ఎడిటింగ్ గదిలో ఆమె కూడా ఒక పరికరమే. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, సినిమా వేసి, తమ్ముడు తెరను వదిలేసి ఆమె మొహాన్నే చూస్తూ ఉంటాడు. ఆమె ముక్కు చీదిందంటే చాలు, ఎడిటర్‌కి సైగ చేసి "లాక్" అంటాడు. ఇక ఆ సీన్‌ని దేవుడు దిగొచ్చినా కదపడానికి వీల్లేదు. అక్క కన్ను తడవని ఏడుపు సీన్ మాత్రం కత్తెరపాలే.

ఇంటర్వ్యూల్లో ఆయనగారు ఇంకోలా సెలవిస్తారు. ప్రేక్షకుడి గుండె తలుపు తట్టాలట. పాత్ర పడే బాధ తన బాధే అనిపించాలట. వినేవాళ్లు నోరు తెరుచుకుని వింటారు. ఆయన తట్టి చూసుకునే తలుపు ఒక్కటే ఉందనీ, అది సొంత అక్కదనీ వాళ్లకేం తెలుసు!

అసలు అక్క ఎప్పుడూ ఆ సినిమాలకు ఏడవలేదు. కిందటి సినిమాలో ఒక ముసలి గుమస్తా గుమ్మం దగ్గర చెప్పులు విప్పే షాట్‌కి ఆమె కళ్లు తుడుచుకుంది. తమ్ముడు పొంగిపోయి ఆ షాట్‌ని జీడిపాకంలా సాగదీసి, వయొలిన్లు దట్టించి, ఆ చెప్పుల్ని పోస్టరుకి కూడా ఎక్కించాడు. ఆమెకు గుర్తొచ్చినవి నాన్న చెప్పులు. నాన్న పోయిన రోజు అవి గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. ఆ రోజే తమ్ముడు కెమెరా పట్టుకుని, "అమ్మా, కొంచెం కిటికీ వైపు తిరిగి ఏడు, వెలుతురు బాగుంటుంది" అన్నాడు. అమ్మ ఏడుపు ఆపి వాడి వైపు చూసిన చూపు అక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి ఆమె పంతం పట్టి వచ్చింది. కొత్త సినిమాలో తల్లి చనిపోయే సీన్ ఉందని ఎడిటర్ ముందే చెప్పేశాడు. "మీ అమ్మగారిదేనండీ, ఆస్పత్రి గదితో సహా అచ్చుగుద్దినట్టు దింపారు" అన్నాడు, పాపం, ఆమె సంతోషిస్తుందనుకుని. అమ్మ పోయినప్పుడు ఆ గదిలో ఉన్నది అక్క ఒక్కతే. ఆ వేళ తమ్ముడు ఎక్కడో కొండల మీద హీరోహీరోయిన్ల చేత గంతులేయిస్తున్నాడు. ఆ గదిని టిక్కెట్టు పెట్టి చూపిస్తే చూస్తూ ఊరుకోదలచుకోలేదు ఆమె. దానికి దారి ఒక్కటే, ఏడవకుండా కూర్చోవడం.

తెర మీద వాన మొదలైంది. కొడుకు స్లోమోషన్‌లో ఆస్పత్రి మెట్లెక్కాడు. తల్లి వేషం వేసినావిడ కొన ఊపిరితో ఉంది, లిప్‌స్టిక్ మాత్రం చెక్కు చెదరలేదు. కొడుకు ఒళ్లో తల పెట్టుకుని, "నువ్వు గెలిచావురా నాన్నా" అంది. అన్నాక కూడా పోలేదు. ఇంకో పేజీడు డైలాగు అప్పజెప్పి, అప్పుడు తీరిగ్గా కన్ను మూసింది. వయొలిన్లు గుక్కపట్టి ఏడ్చాయి. అక్కకు ఏడుపు ఆపుకోవాల్సిన పనే పడలేదు. ఆవలింత వచ్చింది.

తమ్ముడి మొహం వాడిపోయింది. "ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?"

"నాకేం, బాగానే ఉన్నాను. ఈ సీన్ తీసెయ్."

"తీసేస్తే సినిమాలో ఇంకేం మిగుల్తుంది? వాన తగ్గించనా? పోనీ, వయొలిన్ తీసేసి ఫ్లూటు పెట్టించనా?"

"నువ్వసలు అక్కడ లేవు కదరా!" అక్క గొంతు లేచింది. "లేనివాడి ఒళ్లోకి అమ్మ తల ఎలా వచ్చింది?"

"సినిమా అక్కా, సినిమా." వాడు కాసేపు నసిగాడు. "ఇంతకీ అమ్మ చివర్లో ఏమంది? నువ్వెప్పుడూ చెప్పలేదు."

చెప్పకూడదనే ఇన్నాళ్లూ కడుపులో దాచుకుంది. కానీ ఆ లిప్‌స్టిక్ చావు చూశాక ఆమెకు ఒళ్లు మండిపోతోంది. వీడికి ఒక్కసారైనా నిజంగా తగలాలి అనుకుంది.

"నేను నీకు ఫోన్ చెయ్యబోయాను. 'వాడికి ఫోన్ చెయ్యొద్దు' అంది అమ్మ."

"నేను షూటింగ్‌లో ఉంటాననీ... నా పని పాడవుతుందనీ..." అంటూనే తమ్ముడు కుర్చీలో కూలబడి భోరుమన్నాడు. గ్లిజరిన్ వాసన లేని ఏడుపు వాడి దగ్గర చూసి చాలా ఏళ్లయింది. ఎంతైనా తోడబుట్టినవాడు. ఆమె మనసు కరిగి, వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

ఆలోగా వాడు ముక్కు తుడుచుకుని ఎడిటర్ వైపు తిరిగాడు. "రాసుకో. తల్లి పాత్రకి ఇదే ఆఖరి డైలాగు. 'వాడికి ఫోన్ చెయ్యొద్దు.' కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుంటుంది. అక్కడ క్లోజప్. వెంటనే రీషూట్ పెట్టించు. హాళ్లు తడిసిపోవాలయ్యా!"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పూర్తిగా వినరా. అమ్మ అక్కడితో ఆపలేదు. 'వాడికి ఫోన్ చెయ్యొద్దు, వస్తే కెమెరా తెస్తాడు' అంది."

ఎడిటర్ వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తమ్ముడు నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు. అక్క ఎదురుచూసింది. వాడు తనను తిట్టినా బాగుండు, మళ్లీ ఏడ్చినా బాగుండు, సీన్ తీసేస్తానంటే ఇంకా బాగుండు అనుకుంది.

వాడు తలెత్తాడు. "రెండో ముక్క వద్దులే అక్కా. జనం నవ్వుతారు. మూడ్ దెబ్బతింటుంది. మొదటి ముక్క దగ్గర కట్ చేసేద్దాం."

అప్పుడొచ్చాయి అక్కకు కన్నీళ్లు. అమ్మ మాటను ఎంత తేలిగ్గా సగానికి కోసేశాడు! వాడి కత్తెర కిందకి దాన్ని తెచ్చిచ్చింది తనే. ఆపుకుందామన్నా ఆగలేదు. మొహం పక్కకు తిప్పుకుంది కానీ, తమ్ముడు ఎప్పటిలాగే తెరను వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

"లాక్" అన్నాడు ఎడిటర్‌తో, మెల్లగా.