మొదటి గడి

నేనన్న మాటకు మా ఆయన మొదటిసారే "అవును" అనడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనెరగను. ఆయన లెక్కల మాస్టారు. బళ్ళో పిల్లల జవాబులు దిద్ది దిద్ది, ఇంట్లో కూడా నోరు తెరిస్తే "కాదు"తోనే మొదలుపెట్టేవారు. "వాన వచ్చేలా ఉందండీ" అంటే, "కాదు, మబ్బు పట్టిందంతే" అనేవారు. "ఇవాళ ఆదివారం కదా" అన్నా ముందు కాదని, క్యాలెండర్ వంక చూసి, "సరే, ఆదివారమే అనుకో" అనేవారు, నా మీద దయతలచి ఒప్పుకున్నట్టు. అలాంటి మనిషి మంచం పట్టాక అన్నిటికీ అవునంటుంటే, పోనీలే, ఇన్నాళ్ళకు మెత్తబడ్డారనుకున్నాను.

ఆ జబ్బు పేరు పలకడం మా అత్తగారికి ఇప్పటికీ చేతకాదు. ఒంట్లోని కండరాలు ఒకదాని తర్వాత ఒకటి రాజీనామా ఇచ్చేసే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత నాలుక. బుర్ర మాత్రం చెక్కుచెదరదు. అదే దాని దుర్మార్గం.

నాలుక పూర్తిగా పడిపోకముందే మా మరిది మేలుకున్నాడు. అతను దుకాణాలకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. అన్నయ్యను కూర్చోబెట్టి కావలసిన మాటలూ అక్షరాలూ ఆయన గొంతుతోనే రికార్డు చేయించాడు. మంచం పక్కన బల్ల మీద కంప్యూటర్ పెట్టి, దానికో ప్రోగ్రామ్ రాశాడు. తెర నిండా గడులు. మొదటి గడిలో "అవును", రెండో గడిలో "కాదు", ఆ పక్కన "నీళ్ళు", "నొప్పి", "పక్కకు తిప్పు", కింద వరసల్లో అక్షరాలు. ఒక పచ్చటి వెలుగు గడి నుంచి గడికి నడుస్తూ ఉంటుంది. కావలసిన గడి మీదికి అది వచ్చినప్పుడు వేలి కిందున్న మీట నొక్కితే ఆ మాట ఆయన గొంతుతో పలుకుతుంది.

"మొదటి గడిలో 'కాదు' పెట్టవోయ్. మీ అన్నయ్యకు నడక తగ్గుతుంది," అన్నాను.

ఆయన వెలుగు కోసం కాచుకుని కాచుకుని జవాబు కూర్చారు. "కాదు. అవునే ఉండనీ."

"చూశావా, అందులోనూ కాదే," అని అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

తీగతో ఉన్న ఆ మీటతో ఆయన చాలా మాట్లాడారు. మా ఆడపడుచు పంపిన ఫోటో చూసి "లావయింది" అన్నారు. నేను టీవీ చూస్తుంటే "ఏడుపు ఆపు" అన్నారు, సీరియల్లో వాళ్ళనో నన్నో తెలియదు. ఒకరోజు డాక్టరుగారు ఇంటికొచ్చి, ముందు ముందు ఊపిరి అందకపోతే గొంతుకు రంధ్రం చేసి మిషను పెట్టవలసి వస్తుందని, అది పెట్టించుకుంటే ఏళ్ళ తరబడి బతకొచ్చని, ఒంట్లో కదలిక మాత్రం తిరిగి రాదని చెప్పినప్పుడు కూడా ఆయనే జవాబిచ్చారు. "వద్దు. అలా వద్దు."

"ఇప్పుడే తొందరేం లేదండీ. ఆ సమయానికి మళ్ళీ అడుగుతాను," అన్నారు డాక్టరు.

తర్వాత వేలు కూడా పోయింది. మిగిలింది ఎడమ బుగ్గ. బుగ్గ కదలికను పట్టే సెన్సర్ ఉందని మా మరిది ఎక్కడో వెతికి తెప్పించాడు. చొక్కా బొత్తామంత ఉంది. దానికి తీగ లేదు, తీగ పెట్టే చోటూ లేదు. అంతా బ్లూటూత్. మా మరిది రాసిన ప్రోగ్రామేమో తీగ గుండా వచ్చిన కబురు తప్ప మరొకటి ఎరగదు. దానికి గాల్లో వచ్చే మాట వినడం నేర్పాలి. "చిన్న పనే వదినా, రెండు పూటల్లో అయిపోతుంది," అన్నాడు. వాళ్ళన్నయ్య ఇంటికి సున్నం వేయిస్తానన్నప్పుడూ ఇలాగే అన్నాడు. పగలు దుకాణాల పని చూసుకుని సాయంత్రాలు వచ్చి కూర్చునేవాడు. ఒకసారి సెన్సర్‌ని కంప్యూటర్ పోల్చుకోదు. పోల్చుకుంటే కలవదు. కలిస్తే నిలవదు.

"సంబంధం కుదిరే దాకా ఒక గొడవ, కుదిరాక ఇంకో గొడవ. మీ పెళ్ళి చూపులే నయం," అన్నారు అత్తగారు.

చివరికి నిలిచింది. కాని ఒక చిక్కు. బుగ్గ కాసేపు కదలకపోతే, బ్యాటరీ ఆదా చేయడానికి ఆ బొత్తాం కునుకు తీస్తుంది. కునుకులో ఉండగా ఈయన బుగ్గ కదిపితే, అది లేచి కంప్యూటర్‌తో మళ్ళీ కలిసేసరికి ఆ నొక్కు కాస్తా పోతుంది. ఒక్క నొక్కుకు ఆయన ముఖమంతా చెమట పట్టేది. అలాంటిది నాలుగైదు వృథా అయ్యాక అక్షరం అక్షరంగా తమ్ముణ్ణి తిట్టారు. "నా నొక్కు ఎక్కడ పారబోశావు వెధవా."

మా మరిది ఆ తిట్టుకు పొంగిపోయాడు. ఆ సాయంత్రమే దారి కనిపెట్టాడు. సెన్సర్ కునుకు నుంచి లేచి "వచ్చాను" అని కబురు పంపిందంటే, అన్నయ్య బుగ్గ కదిపినట్టే కదా? ఆ కబురునే నొక్కుగా లెక్క వేసుకోమని ప్రోగ్రామ్‌కు చెప్పాడు. లేచినప్పుడల్లా వెలుగును మొదటి గడి నుంచి మొదలుపెట్టించాడు. వాళ్ళన్నయ్య కష్టం ఒక్కటి కూడా నేల పాలు కాకూడదని.

నిజంగానే కాలేదు. కొన్నాళ్ళు బాగా నడిచింది. తర్వాత అక్షరాలు తగ్గాయి. "నీళ్ళు" పోయింది, "నొప్పి" పోయింది. ఒక్క "అవును" మిగిలింది. అలసిపోతున్నారు, పొడుగు మాటలు ఎందుకులే అనుకుంటున్నారు అనుకున్నాం. రెప్పలు కూడా స్వాధీనం తప్పడంతో కళ్ళను బట్టి తెలుసుకునే వీలు లేదు. ప్రశ్న వేసి ఓపిగ్గా కూర్చుంటే, కాసేపటికి ఖణీమని జవాబు వచ్చేది. అత్తగారు రోజంతా కొడుకుతో కబుర్లే. అడగకుండా "అవును" వినబడితే, "నేను మనసులో అనుకున్నదానికి అవునన్నాడమ్మాయ్" అనేవారు. పక్కింటి వాళ్ళ గోడ మన స్థలంలోకి వచ్చిందన్న సంగతికి కూడా ఆయన అవునన్నారు. ఆవిడ ధైర్యంగా వెళ్ళి పోట్లాడి వచ్చారు.

ఊపిరి కష్టమైన పూట డాక్టరుగారు మంచం పక్కన వంగి అడిగారు. "మాస్టారూ, మిషను పెట్టమంటారా?" గదిలో అందరం గోడలకు అతుక్కుని నిలబడ్డాం. వెలుగు వరసలన్నీ నడిచి నడిచి, ఆగి, మళ్ళీ మొదటి గడిలో వెలిగింది.

"అవును."

అత్తగారు నేల మీద కూలబడి ఏడ్చారు. మా మరిది నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్య మనసు మార్చుకున్నాడు వదినా, ఉంటానన్నాడు," అన్నాడు. నేనూ ఏడ్చాను. సంతోషంతోనే.

గొంతుకు రంధ్రం చేశారు. మిషను పెట్టారు. ఇంటికి తెచ్చుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఆయన ముఖం తుడుస్తున్నాను. బుగ్గ మీది సెన్సర్ ఊడదీసి స్టూలు మీద పెట్టాను. మీసం బాగా పెరిగింది. బళ్ళో పిల్లల్ని హడలగొట్టడానికి పెంచిన మీసం. దాని జోలికి ఎవరెళ్ళినా ఊరుకునేవారు కాదు.

"ఏమండీ, ఈ పొదను తీసేయనా?" అన్నాను, కాస్త ఉడికిద్దామని.

నేను తువ్వాలు పిండి ఆరేసి వచ్చేసరికి జవాబు వచ్చింది.

"అవును."

"అమ్మో, ఎంత మంచివారైపోయారు!" అని రేజరు అందుకోబోయి, స్టూలు మీద చెయ్యి పెట్టాను. చేతికి సెన్సర్ తగిలింది.

దాన్ని చూశాను. ఆయన బుగ్గను చూశాను. బుగ్గ మీద తడి తప్ప ఏమీ లేదు.

సెన్సర్‌ను స్టూలు మీదే ఉంచి, తెర ముందు కూర్చున్నాను. ఏమడగాలో తోచలేదు. నోటికి వచ్చింది అడిగాను.

"రెండు రెళ్ళు ఐదేనా అండీ?"

వెలుగు గడులన్నీ నడిచింది. ఆగింది. పాలు పొంగే వేళకు వంటింటి గుమ్మంలో కాచుకున్నట్టు కాచుకుని చూశాను. మళ్ళీ మొదటి గడి వెలిగింది.

"అవును," అన్నారు లెక్కల మాస్టారు, తన గొంతుతో, క్లాసులో చెప్పినంత స్పష్టంగా.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఆయన అక్కడే ఉన్నారు. అంతా వింటున్నారు. ఇన్నాళ్ళూ విన్నారు. గోడకు అవునన్నది విన్నారు, డాక్టరుకు అవునన్నదీ విన్నారు. తన గొంతు తన మాట కాని మాట పలుకుతుంటే, కాదనడానికి ఒక్క నరం లేక పడుకుని ఉన్నారు. ఆ రోజు నా మాట విని మొదటి గడిలో "కాదు" పెట్టించి ఉంటే, ఆ "కాదు"నే మేమంతా ఆయన మాటగా నమ్మి ఉండేవాళ్ళం. అదైనా నిజమయ్యేది.

మా మరిదికి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చి, ప్రోగ్రామ్ తెరిచి, సెన్సర్‌తో వచ్చిన కాగితాలు ముందేసుకుని చాలాసేపు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది కదిపితేనే లేస్తుందనుకున్నాను వదినా."

"మరి?"

"దాని మానాన అదే లేచి, ఉన్నానని ఒక కబురు పంపి మళ్ళీ పడుకుంటుందట. ఆ కబురు వచ్చినప్పుడల్లా..."

"అంటే, బుగ్గ కదలనప్పుడే నిద్రపోతుంది. నిద్రపోతేనే లేస్తుంది. లేస్తేనే అవునంటుంది."

"ఊఁ."

"అంటే అవును అని వినబడినప్పుడల్లా మీ అన్నయ్య ఏమీ అననట్టే."

అతను తల బల్లకు ఆనించాడు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"చిన్నోడా, వాడు డాక్టరుకు చెప్పింది?"

మా మరిది తల ఎత్తి తెర వంక చూశాడు.

"అన్నీ అబద్ధమేనా? ఒక్కటైనా వాడిది ఉండదూ?"

"తెలియదమ్మా. వెతికి తేల్చే వీలు కూడా లేదు."

ఆవిడ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

ఆ పూటే ప్రోగ్రామ్ సరిచేశాడు. ఇప్పుడు కునుకు తీసి లేచిన కబురు లెక్కలోకి రాదు, నిజంగా బుగ్గ కదిలితేనే వస్తుంది. సెన్సర్ పెట్టి, పక్కన వంగి నేనే అడిగాను. "ఏమండీ, ఈ మిషను ఉంచమంటారా?" జవాబు రాలేదు. "తీసేయమంటారా?" దానికీ రాలేదు. డాక్టరుగారికి చెబితే తల వంచుకుని విన్నారు. "అప్పటి వద్దు అప్పటిదండీ. ఇప్పుడు మిషను మీద ఉన్నాక తీయాలంటే, ఆయనే చెప్పాలి. మరొకరి మాట మీద తీయలేను," అన్నారు.

మా మరిది సెన్సర్‌ను ఇంకా సున్నితం చేశాడు. ఈగ వాలినా పట్టుకునేలా. పట్టుకుంది. మిషను ఊపిరి ఊదినప్పుడల్లా బుగ్గ రవ్వంత పొంగుతుంది కదా, దాన్ని పట్టుకుంది. మిషను ఊపిరికొక మాట పలికింది. అవును, నొప్పి, కాదు, నీళ్ళు, అవును. అత్తగారు చెవులు మూసుకున్నారు. తగ్గించాడు. తగ్గిస్తే ఏమీ లేదు. ఆ రెంటి మధ్యా ఎక్కడైనా అన్నయ్య ఉంటాడేమోనని సాయంత్రాలన్నీ వెతికాడు.

ఇక మిగిలింది వెలుగు నడక. "అన్నయ్యకు సమయం చాలడం లేదేమో వదినా, కాస్త నెమ్మది చేస్తాను," అన్నాడు. చేశాడు. మర్నాడు వచ్చి ఇంకాస్త నెమ్మది చేశాడు. మిగతా గడులన్నీ తీసేసి "అవును", "కాదు" రెండే ఉంచాడు. ఇప్పుడు వెలుగు ఒక గడిలో నిలిచిందంటే నేను గిన్నెలన్నీ కడిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉంటుంది. అత్తగారు ఆ కుర్చీలో, నేను ఈ కుర్చీలో కూర్చుంటాం. మిషను ఊపిరి పోస్తూ ఉంటుంది, తీస్తూ ఉంటుంది. మా మరిది వచ్చి చెప్పులు విప్పుతూనే అడుగుతాడు.

"ఇంకాస్త నెమ్మది చేయనా వదినా?"

"చెయ్యి," అంటాను.