వంటింట్లో దొరికిన కోట

మోంబ్రియాక్ కొండమీద కోట లేదు. ఉన్నదల్లా సగం బురుజు, ఒక పొడవాటి గోడ, బోలెడంత గడ్డి. అయినా వేసవిలో ప్రతి ఆదివారం ఎవారిస్ట్ డెల్‌పెష్ టోపీ పెట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ, పారిస్ నుంచీ బెల్జియం నుంచీ వచ్చిన జనానికి ఆ లేని కోటను గదిగదీ తిప్పి చూపించేవాడు. "ఇది దర్బారు. చూసుకు రండి, గడప తగులుతుంది" అనేవాడు. జనం నిజంగానే కాలెత్తి అడుగేసేవారు.

కోట ఏమైందో చెప్పే ఘట్టం వచ్చేసరికి ఆయనకు పూనకం వచ్చేది. విప్లవం రోజుల్లో దొరగారు పారిపోగానే ఊరివాళ్ళు బళ్ళు కట్టుకొచ్చి రాళ్ళన్నీ ఎత్తుకుపోయారట. "దొంగలండీ, దొంగలు! కోటరాళ్ళతో పందుల దొడ్లు కట్టుకున్నారు!" అని గుండెలు బాదుకునేవాడు. కోట కట్టిన మేస్త్రీ తాను చెక్కిన రాతి మీదల్లా చేపబొమ్మ వేసేవాడనీ, చేప కనబడితే అది కోట సొత్తేననీ చెప్పి, కర్రతో మట్టిలో చేపను గీసి మరీ చూపించేవాడు. కోట మిత్రమండలికి అధ్యక్షుడు కదా, ఆ మాత్రం ఆవేశం ఉండాలి. ఆ మాటలకు ఊళ్ళో సగంమంది ఆయనతో పలకడం మానేశారు.

ఆయన భార్య ఒడీల్‌కు కోటతో పేచీ ఏమీ లేదు. ఆవిడకు కావలసింది ఒక కిటికీ. వాళ్ళ ఇల్లు కిటికీలకు కూడా పన్ను వేసిన కాలంలో కట్టింది. కట్టినవాడు ఎవారిస్ట్ ముత్తాతకు తాత, పరమ పిసినారి. వంటింటికి ఉత్తరాన ఒక తలుపు పెట్టి, గాలీ వెలుతురూ ఇక అందులోంచే రమ్మన్నాడు. దక్షిణపు గోడకు అవతల తోట, రేగుపళ్ళు, కావలసినంత ఎండ. ఇవతల ఒడీల్, పట్టపగలు కూడా నెత్తిమీద ఒక దీపం. ఈమధ్య ఆవిడకు చూపు మందగించింది. ఉడుకుతున్న కూర రంగు తెలియడం లేదు. చలికాలంలో పేపరు చదవాలంటే శాలువా కప్పుకుని వాకిట్లో నిలబడాలి.

"కోట పని కానీవే, ఆ తరవాత నీ కిటికీయే" అని పెళ్ళయిన ఏడాది నుంచీ అంటున్నాడు ఎవారిస్ట్. అది అయ్యే పని కాదని అర్థమయ్యేసరికి ఒడీల్ జుట్టు నెరిసిపోయింది. ఆ వసంతంలో ఆవిడే వెళ్ళి మేస్త్రీ రేమీతో మాట్లాడి వచ్చింది. సోమవారం వచ్చి గోడ పగలగొడతానన్నాడు. విచిత్రం, ఎవారిస్ట్ కూడా సరేనన్నాడు. ఎందుకంటే దానికి ముందు గురువారం పాతకట్టడాల శాఖ నుంచి ఒక వాస్తుశిల్పి వస్తోంది. ఆవిడ ఊ అంటే బురుజును మళ్ళీ లేపొచ్చు. ఆ సంబరంలో ఆయన ఇంటికప్పు పీకేస్తానన్నా సరేననేవాడే.

గురువారం రానే వచ్చింది. మదాం కాస్తన్యె అనే ఆ వాస్తుశిల్పి కొండంతా కలియతిరిగి, బురుజును నిమిరి, ఏమీ తేల్చకుండా కిందికి దిగేసరికి పన్నెండు గంటలు కొట్టారు. మోంబ్రియాక్‌లో పన్నెండు కొట్టాక అతిథిని అన్నం పెట్టకుండా పంపడం హత్య కన్నా కాస్త చిన్న నేరం. ఊళ్ళో ఒక భోజనశాల ఉంది. కానీ దాని గుమ్మంలో ఒక చేపరాయి ఉంది, దాని యజమానికీ ఎవారిస్ట్‌కూ మాటల్లేవు. అందుకని ఇంటికే తీసుకొచ్చాడు.

ఒడీల్ బాతుమాంసం వేయించింది, వెల్లుల్లి వేసి బంగాళాదుంపలు చేసింది. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. బల్లమీదున్న ద్రాక్షసారా చూసి ఎవారిస్ట్ మూతి విరిచాడు.

"ఇదేం తాగుతారు మేడమ్! రండి, నేలమాళిగలో మా నాన్న దాచింది ఉంది. మీరే ఏరుకోండి."

వంటింటి మూలన పలకెత్తి ఇద్దరూ మెట్లు దిగారు. ఒడీల్ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కింద సీసాలు గలగలమన్నాయి. తరవాత గలగల ఆగిపోయింది.

"మెస్యూ డెల్‌పెష్, ఆ లాంతరు కాస్త ఇలా పట్టండి. ఇది చేప కదూ?"

ఒడీల్‌కు సోమవారం పగలగొట్టించాల్సిన గోడ గుర్తొచ్చింది.

"చేపా? అబ్బే... మా తాతలకు చేపలంటే ప్రాణం. సరదాకి గీసుకుని ఉంటారు."

"ఇక్కడ ఇంకోటి. ఇదిగో ఇక్కడా. అబ్బబ్బ, సరదా మరీ ఎక్కువైనట్టుందే!"

'నోరు మూసుకో నాయనా, ఒక్క పూట మూసుకో' అని ఒడీల్ మనసులోనే దండం పెట్టుకుంది.

"ఎంత చక్కటి పనితనం!" అంది మదాం కాస్తన్యె. "ఈ జిల్లాలో ఇంత చక్కటి గోడ నేను చూడలేదు."

ఇక ఎవారిస్ట్‌ను ఆపడం ఎవరి తరం? దొంగ మనవడినని సిగ్గుపడాలో, ఇంత గొప్ప గోడ తనదని పొంగిపోవాలో తేల్చుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. "అలాగైతే పీపాల వెనక చూడండి మేడమ్! తలుపు కమాను మొత్తం ఉంది!" అని పైకి వినబడేలా అరిచాడు. పైకొచ్చాక ఒడీల్ కళ్ళతో ఎంత వారిస్తున్నా వినకుండా అలమరను తానే పక్కకు లాగి, వెనకున్న చెక్కడాల చలిమంట పొయ్యిని చూపించాడు. రాతి సింహం ఒకటి ఒడీల్ వంక చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ అలమర అక్కడే ఎందుకుందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"నీకు తెలుసా ఇదంతా?" అంది ఒడీల్.

"మా నాన్న చెప్పాడే. చెప్పొద్దని కూడా చెప్పాడు."

భోజనం సాగింది. భోజనం చివర జున్ను వచ్చేదాకా పనిమాటలు ఎత్తకూడదన్నది అక్కడి మర్యాద గనక ఒడీల్ అంతవరకూ ఓపిక పట్టింది. జున్ను పళ్ళెం అటు జరిపి, వీలైనంత మామూలుగా అడిగింది.

"మేడమ్, సోమవారం ఆ దక్షిణపు గోడకి కిటికీ పెట్టిస్తున్నాం. చిన్నదే. దానికేం ఇబ్బంది లేదుగా?"

మదాం కాస్తన్యె చేతిలో కత్తి ఆగిపోయింది.

"అది దర్బారు రాళ్ళతో కట్టిన గోడమ్మా. దాన్ని ముట్టుకోకండి. ఇక ఏ గోడా ముట్టుకోకండి."

"మరి బురుజో?" అన్నాడు ఎవారిస్ట్.

"కొండమీద ఏముంది మెస్యూ, గడ్డి తప్ప? కోట ఇక్కడుంది."

వేసవి రాకముందే ఇల్లు రక్షిత కట్టడమైపోయింది. కిటికీ కోసం ఒడీల్ పెట్టుకున్న అర్జీకి రెండుసార్లు కాదన్నారు, రెండుసార్లూ ఎంతో మర్యాదగా. ఊళ్ళో నవ్వని నోరు లేదు. నవ్వుకోవడం అయ్యాక, తమ ఇళ్ళకూ అదే గతి పడుతుందేమోనని అందరికీ భయం పట్టుకుంది. రేమీకి పగలూ రాత్రీ పనే పని. ఎవరింటి చేపలను వాళ్ళు సిమెంటుతో పూడ్చేయించుకున్నారు. పాత రాతి అందం చూడాలని వచ్చినవాళ్ళకు ఊరు ఊరంతా బస్టాండులా కనిపించసాగింది. పక్కింటి బెర్త్ అయితే సిమెంటు పూయించి, పనిలో పనిగా ఇంత పొడవు కిటికీ కూడా పెట్టించుకుంది.

"రా అక్కా, మా ఇంట్లో కూర్చుని పేపరు చదువుకో" అంది బెర్త్. దెప్పుతోందో పిలుస్తోందో తెలియలేదు. ఒడీల్ ఇంటికొచ్చి, తలుపేసుకుని ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. కోట కోసం ఊరితో తగవు పడి, ఆ కోటలోనే కట్టుకున్నదాన్ని చీకట్లో కూర్చోబెట్టిన మనిషి మీద కోపం.

ఆయన మాత్రం చితికిపోయాడని అనుకునేరు. బురుజు పోతే పోయింది, ఆదివారాలు మిగిలాయి. ఇప్పుడు జనాన్ని వంటింట్లోకే తీసుకొస్తున్నాడు. "మా పూర్వీకులు ప్రాణాలకు తెగించి కాపాడిన రాళ్ళివి" అంటున్నాడు. దొంగలన్న మాట ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. జనం సింహం ఫొటోలు తీసుకున్నారు. సింహం ముందు ఉల్లిపాయలు తరుగుతున్న ఒడీల్‌ను కూడా తీసుకున్నారు. ఒకావిడ బిడ్డతో "చూడు, పాతకాలంలో ఇలాగే చీకట్లో వండుకునేవారు" అని మెల్లగా చెప్పింది.

ఒడీల్ కత్తి కింద పెట్టింది. ఒక దిండు, పేపరు, రొట్టె ముక్క, కాసిని రేగుపళ్ళు బుట్టలో వేసుకుని కొండెక్కింది. పైనున్న ఆ పొడవాటి గోడలో మనిషెత్తు కిటికీ ఒకటుంది. గోడ మందంలోనే అటొకటి ఇటొకటి రాతి అరుగులు. ఎప్పటి దొరసానులో కూర్చుని ఉంటారు. ఒడీల్ దిండు వేసుకుని కూర్చుంది. నది, ద్రాక్షతోటలు, పేపర్లోని సన్నక్షరాలు అన్నీ కనబడ్డాయి. ఆ రోజే కాదు, ఎండ కాసిన ప్రతిరోజూ వెళ్ళి కూర్చుంది.

మూడో ఆదివారం ఎవారిస్ట్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏమే, పన్నెండు కొట్టారు వినబళ్ళేదా? ఇంటి నిండా బెల్జియం వాళ్ళున్నారు. పొయ్యి వెలగలేదు, నువ్వు లేవు, అడుగుతున్నారు!"

"నువ్వున్నావుగా, వెలిగించు."

"వేళాకోళమా? లే, లే. ఇది కోట, ఇష్టమొచ్చినట్టు ఎక్కి కూర్చోడానికి లేదు. నేనే బోర్డు పెట్టించాను."

"కోట ఇంట్లో ఉందన్నారుగా మీ సర్కారు వాళ్ళు. ఇదంతా గడ్డేనట. గడ్డిమీద కూర్చోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు." ఒడీల్ పేజీ తిప్పింది. "నువ్వు కోరుకున్న కోట నీకొచ్చింది. వెళ్ళి అందులో ఉండు. నేను కోరుకున్నది కిటికీ."

ఎవారిస్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, కిటికీకి ఎదురుగా నిలబడిపోయాడు. ఆయన్ను చూసి ఒడీల్‌కు కాస్త జాలేసింది. కానీ లేవాలనిపించలేదు.

"కొంచెం పక్కకు జరగవయ్యా" అంది. "చదువుకుంటున్నాను, వెలుతురుకి అడ్డొస్తున్నావు."

ఎవారిస్ట్ జరిగాడు.