ఇంకో అరచుట్టు

మా మామగారు నలభై ఏళ్లు ప్లంబరుగా చేశారు. ఆయన బిగించిన కుళాయిని విప్పాలంటే మళ్లీ ఆయనే రావాలి. అది ఆయన దృష్టిలో గొప్ప. ఆ కుళాయి కింద బకెట్టు పెట్టుకుని నిలబడేవాళ్లను ఎవరూ అడగలేదు. ఏ పనైనా చివర్లో “ఇంకో అరచుట్టు” అనకుండా ఆయన చెయ్యి తీయరు.

ఆ చెయ్యి నా కారు మీద పడింది. అదీ నా డ్రైవింగ్ టెస్టు రోజు పొద్దున.

టెస్టు పదకొండున్నరకి. మొదటిసారి చేతులు వణికి ఫెయిలయ్యాను. మళ్లీ తేదీ దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఎవరి కారు వాళ్లే తీసుకెళ్లాలి. ఈసారి తప్పితే లెర్నింగ్ లైసెన్సు గడువు కూడా అయిపోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఇదంతా ఎర్ర పెన్నుతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరవని మనిషి లేడు. చదివే మనిషే లేడని ఆ రోజు తెలిసింది.

తొమ్మిదింటికి బయటికొచ్చేసరికి కారు ముందు చక్రాలు చెక్కదిమ్మల మీదికెక్కి ఉన్నాయి. కింద నుంచి రెండు జతల కాళ్లు కనిపిస్తున్నాయి. పక్కన నేను బట్టలు నానబెట్టే టబ్బు నిండా నల్లటి నూనె.

“ఏం చేస్తున్నారు?”

“ఆయిల్ మార్చాం. ఇంజను మెత్తగా ఉంటే టెస్టులో నీకే మంచిది కదా,” అన్నాడు మా ఆయన కారు కింద నుంచే.

“ఇవాళే దొరికిందా మీకు?”

“అయిపోయిందమ్మాయ్. కొత్త నూనె కూడా పోసేశాం. కాస్త చెమ్మ కనిపిస్తోందంతే,” అన్నారు మామగారు. “పానా ఇలా ఇవ్వరా. ఇంకో అరచుట్టు.”

“చాలు నాన్నా.”

“నువ్వుండరా. పట్టు చాలట్లేదు. దీని పిడికి ఆ ఇనప పైపు తొడుగు.”

కటుక్కుమంది.

“ఊరికే తిరుగుతోంది నాన్నా,” అన్నాడు మా ఆయన సన్నగా.

వంగి చూశాను. నూనె చాంబర్ అడుగున ఉండే బోల్టు బిగుసుకోవడమూ లేదు, ఊడి రావడమూ లేదు. కొత్త నూనె మాత్రం తేనెరంగులో, తీరిగ్గా, నా టబ్బులోకి కారుతోంది.

వీధి చివర మెకానిక్కుని అందరూ ‘నిదానం’ అనే పిలుస్తారు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు. కింద దూరి, చాంబర్ తడిమి అడిగాడు. “దీన్నెవరు బిగించారు?”

మామగారు ఆకాశం చూశారు. మా ఆయన వాళ్ల నాన్నను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చూసి, మెకానిక్కుతో అన్నాడు కదా: “నిన్న తను ప్రాక్టీసు చేసింది. కింద ఏదో రాయి తగిలినట్టుంది.”

తను అంటే నేను. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా మీద చాలా పడ్డాయి, రాయి పడటం ఇదే మొదలు. ఒళ్లు మండిపోయింది.

నిదానం బోల్టు ఊడబెరికి వెలుగులో తిప్పి చూశాడు. దాని చుట్టూ తెల్లటి ప్లంబరు టేపు, వరస తప్పకుండా ఏడెనిమిది చుట్లు.

“రాయి మంచి పనిమంతురాలే సార్,” అన్నాడు. “టేపు కూడా చుట్టింది.”

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మామగారు గొంతు సవరించుకున్నారు. “పాత వాషరు అరిగిపోయిందని పారేశానయ్యా. టేపు ఉంటే చుక్క కారదు కదా!”

“పైపుల్లో కారదు పెద్దాయనా. ఇక్కడ నూనెనాపేది ఆ వాషరే. అది లేకుండా ఎంత బిగించినా కారుతుంది. కారిందని మీరు ఇంకా బిగించారు, లోపల బోల్టు పట్టే మర మొత్తం తెగిపోయింది.”

“నా అనుభవంలో...”

“మామయ్యగారూ,” అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

నిదానం మరో డబ్బా నూనె, కొంచెం లావు బోల్టు తెచ్చాడు. తన మర తానే కోసుకునే రకమట. ఎక్కించి, తీసి, ఇనప పొట్టు తుడిచి, కొత్త వాషరు తొడిగాడు. మామగారి చెయ్యి దానంతటదే పానా వైపు వచ్చింది.

“చెయ్యి తీయండి. నేను బిగిస్తాను,” అన్నాను.

“నువ్వా? నైటీ మీద...” అన్నాడు మా ఆయన.

“నైటీకి నూనె కొత్త కాదు. మీ మాటలే కొత్త.”

వీపు కింద గోనె పరుచుకుని దూరాను. చేత్తో ఆగేదాకా తిప్పాను, పానాతో నిదానం చెప్పినంత. చాలన్న చోట ఆపాను. నూనె పోసి ఇంజను వేసి చూశాం. చుక్క లేదు. నైటీ మార్చుకుని వచ్చేసరికి పదకొండు కావస్తోంది.

లైసెన్సున్నవాళ్లు పక్కనుండాలి కాబట్టి మా ఆయనను ఎక్కించుకోక తప్పలేదు. దారిలో మూడుసార్లు “అది కాదు, నేను ఎందుకలా అన్నానంటే” అని మొదలుపెట్టాడు. మూడుసార్లూ గేరు మార్చాను.

ట్రాకు మీద ఎనిమిది అంకె వేశాను, వెనక్కి నడిపాను, ఎత్తు మీద ఆపి జారకుండా కదిలించాను. చెయ్యి వణకలేదు. ఒంట్లో అంత కోపం ఉంటే భయం కూర్చోడానికి చోటేది? పరీక్ష పెట్టే ఆవిడ కాగితం మీద సంతకం చేస్తూ, “అంత గట్టిగా పళ్లు కొరకాల్సిన పని లేదండీ, పాసయ్యారు,” అంది.

మా ఆయన నవ్వుతూ పరిగెత్తుకొచ్చాడు. “చూశావా, ఇంజను ఎంత మెత్తగా ఉందో! ఇక కోపం పోయినట్టేగా?”

“లేదు.”

“సరే, తాళాలివ్వు, అలిసిపోయావు, నేను నడుపుతా.”

ఎక్కి, తలుపు లాక్ చేసి, అద్దం నాలుగు వేళ్లు దింపాను.

“ఇకమీదట పక్కన ఎవరూ ఉండక్కర్లేదట. బస్టాపు ఎదురుగానే ఉంది. ఇంటికొచ్చేలోగా మెకానిక్కు దగ్గర ఆగి, నిన్న ఏ రాయీ తగల్లేదని చెప్పి రండి.”