సుభద్ర పేరున్న డబ్బా

నేను ఒక స్టీలు టిఫిన్ డబ్బాను. మూత బిగిస్తే చారు చుక్క కూడా బయటికి రానివ్వను. కొన్న రోజునే కొట్టువాడు కరెంటు పెన్నుతో నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా 'పి. సుభద్ర' అని చెక్కాడు. మనుషులు తామన్న ఏ మాట కిందైనా తమ పేరు పెట్టడానికి జంకుతారు గానీ, గిన్నె మీద మాత్రం తప్పక పేరు కొట్టిస్తారు.

సుభద్ర ఇంటి మేడ మీద నస్రీన్ వాళ్లు అద్దెకుండేవారు. నస్రీన్‌కి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఆ ఏడు బజారులో బాంబు పేలి పద్నాలుగు మంది పోయారు. టిఫిన్ డబ్బాలో పెట్టారని పేపర్లో రాశారు. ఆ రోజు నుంచి మా జాతి మొత్తం మీద అనుమానమే. బస్సులో ఒళ్లో డబ్బా పెట్టుకున్నవాళ్ల పక్కన సీటు ఖాళీగా ఉండేది.

పేలుడు జరిగిన తొమ్మిదో రోజు నస్రీన్ తల్లికి జ్వరమొచ్చి వంట చేయలేదు. సుభద్ర నాలో పులిహోర పెట్టిచ్చి, డబ్బా జాగ్రత్త, మా అమ్మ కొనిచ్చింది అని మరీ చెప్పింది. ప్రాక్టికల్ పరీక్ష కంగారులో నస్రీన్ నన్ను సీటు కింద మరిచి బస్సు దిగిపోయింది.

"ఇదెవరిదయ్యా?" అన్నాడు ఒక పెద్దాయన. ఎవరూ పలకలేదు. డ్రైవరు బస్సు ఆపాడు. రెండు నిమిషాల్లో లోపల నేనొక్కదాన్నే మిగిలాను. అద్దాల అవతల, చాలా దూరంలో, జనం. నాలో ఏముందో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

అందరూ వెనక్కి జరుగుతుంటే, నేను గుర్తొచ్చి బస్సు వెంటపడి వచ్చిన నస్రీన్ నా వైపు పరుగెత్తుకొచ్చింది. ఒకరింటి గిన్నె పోగొడితే బతికినంత కాలం ఆ మాట పడాలని వింటూ పెరిగిన పిల్ల. పోలీసులు మధ్యలోనే పట్టుకున్నారు.

ఇసుక బస్తాల మధ్య నన్ను తెరిచారు. పులిహోర చూసి ఒకరిద్దరు నవ్వారు కూడా. కానీ నస్రీన్‌ని వదల్లేదు. అమ్మాయి పేరొకటి, డబ్బా మీద పేరొకటి. బజారులో పేలిన డబ్బా మీద కూడా వేరెవరి పేరో ఉందట. ఈసారి బాంబు లేని డబ్బాతో ముందు పరీక్షించి రమ్మని ఈ పిల్లని ఎవరో పంపారేమో అన్నారు.

సుభద్రని స్టేషన్‌కి పిలిపించారు. భర్తతో వచ్చింది. దారిలో ఆయన ఏం చెప్పి ఉంటాడో ఆయన మొహమే చెబుతోంది. ఎస్సై నన్ను బల్ల మీద పెట్టి అడిగాడు, "ఇది మీదేనా అమ్మా?"

సుభద్ర నన్ను చూసింది. ఎదురుగా బెంచీ మీదున్న నస్రీన్‌ని చూడలేదు.

"కాదండీ. ఊళ్లో సుభద్రలు ఎంతమంది లేరు."

నస్రీన్ ఏడవలేదు. అప్పటిదాకా వేళ్లకి చుట్టుకుంటున్న చున్నీ కొసని వదిలేసింది, అంతే. వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. లేడీ కానిస్టేబులు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంటికి ఎవరెవరు వస్తారో మొదటినుంచి చెప్పమంది.

పది నిమిషాలకి సుభద్ర ఒక్కతే తిరిగొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాదేనండీ. భయమేసి అబద్ధమాడాను. పొద్దున నా చేత్తోనే పెట్టిచ్చాను. ఆ పిల్లని వదిలేయండి."

సాయంత్రానికి ముగ్గురం ఇల్లు చేరాం.

మూడు నెలల తర్వాత నస్రీన్ వాళ్లు వాటా ఖాళీ చేశారు. తాళంచెవి ఇవ్వడానికి నస్రీన్ కిందికొచ్చింది. సుభద్ర తాళంచెవి అందుకుని, నస్రీన్ చేతిని మాత్రం వదల్లేదు.

"నేను తిరిగొచ్చాను కదే."

"వచ్చారు పిన్నీ. రాకపోతే ఏమైపోయేదాన్నో. మీరు కాదన్నాక ఆ లేడీ కానిస్టేబులు అడిగింది, ఇప్పుడేమంటావు అని. నిజంగానే నేనేదో చేశానేమో అనిపించింది పిన్నీ. ఆ పది నిమిషాలూ అలాగే అనిపించింది. ఇప్పటికీ ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే, ముందు అదే మనసులోకి వస్తుంది."

సుభద్ర చెయ్యి వదిలేసింది.

ఇప్పుడామెకి డెబ్బై దాటాయి. నన్ను వాడదు, ఎవరికీ ఇవ్వదు, పాత సామాన్లవాడికీ వేయదు. బజారు కేసు ఏళ్ల తరబడి నడిచి తీర్పొచ్చింది. కొందరికి శిక్ష పడింది, కొందరిని నిర్దోషులని వదిలేశారు. నస్రీన్ మీద అసలు కేసే పెట్టలేదు. అందుకని ఆ పిల్ల నిర్దోషి అని ఎవరూ ఎక్కడా చెప్పలేదు.