ఉప్పు చెంచా

గళ్ళ పెనం మూత సందుల్లోంచి ఆవిరి బుసబుసా వస్తోంది. అది ఆగేదాకా మూత తీయకూడదు. తీస్తే వాఫిల్ రెండుగా చీలి, పై గళ్ళకి సగం, కింది గళ్ళకి సగం అంటుకుపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ వంటలో, అందరూ బాబాయి అని పిలిచే ఈ వంటాయన ఆ తొందర పడింది ఒక్కసారే, అదీ పెళ్ళైన మర్నాడు. ఆ సంగతి బస్సు డిపోలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

డిపో క్యాంటీన్ అంటే గొప్పగా ఊహించుకోకండి. షెడ్డు పక్కన రేకుల గది, రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, ఏనాడూ సరిగా మూసుకోని తలుపు. చలికాలం పొద్దున్నే ఆ తలుపులోంచి వచ్చే గాలి ఎముకలు కొరికేస్తుంది. చేతులు రుద్దుకుంటూ వచ్చే డ్రైవర్లకి ఆ వేళ తీపి ఎందుకు? ఉడికించి తురిమిన బంగాళదుంప, చీజ్, ఉల్లికాడలు, దంచిన మిరియాలు వేసి, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేలా బాబాయి కాల్చే కారం వాఫిల్ కావాలి. రెండు చేతులతో పట్టుకుని ముందు వేళ్ళు కాచుకుంటారు, తర్వాత తింటారు.

బాబాయి సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. కుడి ముంజేతి మీద పెనం అంచు కాల్చిన పాత మచ్చలు. గోడ మేకుకి ఆయన గరిటె వేలాడుతుంటుంది, ఇంకెవరు ముట్టుకున్నా కళ్ళెర్రజేస్తాడు. కొలతలూ గిలతలూ లేవు. ఉప్పు అరచేతి గుంట నిండా ఒకసారి, అంతే.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కిందటి చలికాలం వచ్చిన జ్వరం, పోతూ పోతూ నోటి రుచినీ ముక్కు వాసననీ పట్టుకుపోయింది. ఇక రావడం కష్టమన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆయనకి మిరియమైనా మట్టైనా ఒకటే. ఇంట్లో భార్య ఏం వండినా "బాగుంది" అంటున్నాడు. జీవితమంతా వంకలు పెట్టిన మొగుడు ముసలితనంలో మంచివాడయ్యాడని ఆ ఇల్లాలు మురిసిపోతోంది. నిజం చెబితే డిపోవాళ్ళు ఇంటికి పొమ్మంటారు. పెనం ముందు నిలబడకపోతే తనెవరు? ఆ భయంతోనే ఏడాదిగా నోరు మెదపలేదు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు మరి! చేతికి అలవాటుంటే నాలుకెందుకని లోలోపల గర్వపడ్డాడు కూడా.

ఈ పొద్దున పిండి కలుపుతుండగా లావు డ్రైవరు తలుపు తోసుకొచ్చాడు.

"గిన్నెలామె ఇవాళ రాదు బాబాయ్, అంట్లు అలాగే ఉంటాయి. కూతురికి నొప్పులొచ్చాయట, ఆస్పత్రికి పరిగెత్తింది."

"అయ్యో, వెళ్ళనీ! తొలి కాన్పు కదూ?" అంటూ బాబాయి అరచేతి నిండా ఉప్పు తీసి వేశాడు. అప్పటికే ఒకసారి వేసిన సంగతి మాటల్లో పడి మరిచిపోయాడు.

మొదటి ట్రిప్పువాళ్ళు తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ నీళ్ళ జగ్గు ఖాళీ అయింది. నింపితే మళ్ళీ ఖాళీ. ఈ చలిలో ఇన్ని నీళ్ళు ఎవరు తాగుతారు? కొత్తగా చేరిన కండక్టరమ్మాయి ఒక ముక్క కొరికి, "అమ్మో, ఉప్పు..." అనబోయింది. లావు డ్రైవరు బల్ల కింద ఆమె కాలు తొక్కాడు.

"నోరు మూసుకుని తిను," అని గొణిగాడు.

బాబాయి అది చూడనే చూశాడు. ఆ పిండి పారబోసి, కొత్తది కలుపుదామని పిండి డబ్బా జరిపాడు. దాని వెనక ఓ చిన్న చెంచా ఉంది, తోకకి ఎర్ర దారం. పక్కనే రెండు బుల్లి గిన్నెలు. ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో ఉప్పు కలపని పొడిపిండి.

"ఎవరిదిరా ఇది?"

లావు డ్రైవరు తల దించుకున్నాడు. "గిన్నెలామెది. నువ్వు పెనం వైపు తిరిగినప్పుడు రుచి చూసి, తక్కువైతే ఉప్పు, ఎక్కువైతే ఆ పొడిపిండి కలిపి సరిచేస్తుంది. ఏడాది నుంచీ ఇదే."

"ఆమెకెలా తెలిసింది?"

"ఓ రోజు పాలు మాడి గదంతా కంపు కొడుతుంటే నువ్వు పక్కనే నిలబడి కూనిరాగం తీస్తున్నావట. నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టేయించుకుంది."

బాబాయికి తల కొట్టేసినట్టయింది. గిన్నెలు తోముకునే మనిషి తన పిండిలో చెంచా పెట్టడమేమిటని కోపమూ వచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది. ఏడాది కిందట ఆమె గరిటె అందుకోబోతే, "నా గరిటె జోలికొస్తే ఊరుకోను!" అని అందరి ముందూ అరిచాడు. "తప్పైపోయింది బాబాయ్," అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అందుకే ఇంటినుంచి సొంత చెంచా తెచ్చుకుంది. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇలా రా తల్లీ," అని కండక్టరమ్మాయిని పిలిచాడు. "నాకు రుచి తెలీదు. నువ్వు చూసి చెప్పు."

ఏడాదిలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అమ్మాయి నాలిక్కి రాసుకుని, "ఇంకొంచెం... ఆ, చాలు!" అంది. ఆవిరి ఆగింది. మూత తీశాడు. ఈసారి జగ్గు నిండుగానే ఉండిపోయింది. తనూ ఒక ముక్క తిన్నాడు. రుచి తెలియలేదు గానీ వెచ్చదనం తెలిసింది, కరకర వినబడింది.

మధ్యాహ్నం గిన్నెలన్నీ ఆయనే తోమాడు. తర్వాత మేనేజరు గదికి వెళ్ళి, "రేపట్నుంచి పెనం గిన్నెలామెకివ్వండి సార్. నేనిక మానేస్తున్నా," అన్నాడు.

"ఆవిడకి వచ్చా?"

"ఏడాదిగా మీరు తింటున్నది ఆమె చేతి వంటే."

క్యాంటీన్‌కి తిరిగొచ్చి, ఏప్రన్ విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. దాని మీద తన గరిటె పెట్టాడు. ఇంటికెళ్ళి భార్యకీ నిజం చెప్పాలి. పాపం, ఆమె మురిపెం కాస్తా పోతుంది. ఆ మాట తలుచుకుని చిన్నగా నవ్వుకుంటూ బాబాయి, లావు డ్రైవరు నడిపే బస్సెక్కాడు.

ఖాళీ గదిలో, గరిటె వేలాడే మేకుకి ఇప్పుడు ఎర్ర దారంతో చిన్న చెంచా వేలాడుతోంది, మూసుకోని తలుపులోంచి వచ్చే చలిగాలికి మెల్లగా ఊగుతూ.