ఉప్పు సరస్సు ఒడ్డున ఇత్తడి గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. పెళ్లి పంక్తికి సరిపడా అన్నం ఒక్క వాయిలో ఉడికించే కడుపు నాది. పుట్టింది గోదావరి పక్కన అజ్జరంలో. అక్కడి పనివాళ్లు రేకును కాల్చి, సుత్తులతో కొట్టి కొట్టి నన్ను గుండ్రంగా చేశారు. ఆ దెబ్బల గుర్తులు ఇప్పటికీ నా ఒంటి నిండా ఉన్నాయి. వాటిని చూసి మనుషులు ఎంత అందమో అంటారు. అదే తమ ముఖాన చిన్న మచ్చ కనిపిస్తే అద్దం ముందు నుంచి కదలరు. నాకు అక్షరం ముక్క రాదు. కానీ నాలో ఉడికిన అన్నమూ, నా చుట్టూ చేరి జనం ఆడిన మాటా ఒక్కటీ మరిచిపోలేదు. కాస్త స్థిమితంగా కూర్చోండి, చెబుతాను.

మొదట నన్ను కొన్నది ఒక సత్రం ఆవిడ. ఆమె పోయాక వంటల అబ్బులు, అతని భార్య మంగతాయారు నన్ను తెచ్చుకున్నారు. అబ్బులుకు ఒక పట్టుదల ఉండేది. చివరి పంక్తి లేచినా గుండిగ అడుగు కనిపించకూడదు. అడుగు కనిపిస్తే వంటవాడికి తలవంపులని అతని లెక్క. అందుకని ఎప్పుడూ ఎక్కువే వండేవాడు. మిగిలింది తాయారు వీధి కుక్కలకు పెట్టేది. మా ఊళ్లో అది పుణ్యమే. ఎవరూ తప్పు పట్టలేదు.

ఒక ఏడాది యాత్రల కంపెనీవాళ్లు వీళ్లిద్దరినీ లడఖ్ తీసుకెళ్లారు. మనవాళ్లు మంచుకొండలు చూడ్డానికి వెళ్లినా అక్కడ పప్పూ చారూ కావాలి కదా! లారీ మీద నన్నూ ఎక్కించారు. ఎన్ని మలుపులు తిరిగామో, చివరికి ఒక సరస్సు దగ్గర దించారు. చుట్టూ గడ్డి మొలవని కొండలు. ఒడ్డంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆ నీళ్లు నోట్లో పోసుకోలేం. పక్కనే ఊట నీళ్లతో పచ్చటి బురద నేల ఉంది. ఆ పచ్చికలో నల్లమెడ కొంగల జంట ఒకటి గూడు కట్టుకుంది. కొంగలంటే మన చేపల చెరువు కొంగలు కావు. నిలబడితే తాయారు భుజం దాకా వస్తాయి.

మొదటి రోజే మా పరువు పోయింది. అంత ఎత్తులో నీళ్లు మరుగుతాయి గానీ ఆ మరుగులో తగినంత వేడి ఉండదు. ఎంతసేపు మండించినా నాలో అన్నం పలుకు పలుకుగానే ఉండిపోయింది.

“అబ్బులుగారూ, బియ్యం నానబెట్టి వడ్డించేశారేటండీ?” అన్నాడు యాత్రికుల్లో ఒకాయన.

“మంట తక్కువైందండి, ఆయ్,” అన్నాడు అబ్బులు.

“మంట కాదండి బాబూ, ఈ కొండదే తప్పు,” అంది తాయారు.

ఆ గుండిగెడు అన్నమూ డేరా వెనక పారబోశారు. ఎక్కణ్ణుంచో కుక్కలు వచ్చాయి. మర్నాటి నుంచి అన్నం కుక్కర్లలో వండారు. నేను మిగిలిపోయిన అన్నం పోసే పాత్రనయ్యాను. అబ్బులు ఎక్కువ వండడం మానలేదు. సాయంత్రం కాగానే తాయారు గరిటెతో నా అంచు మీద ఠంగుమని కొట్టి, “రండర్రా, రండి నాయనా” అని పిలిచేది. రెండు కుక్కలు వచ్చినచోటికి నాలుగు నెలలయ్యేసరికల్లా గుంపే చేరేటట్టుంది అనుకున్నాను. నాలుగు నెలలు కూడా పట్టలేదు.

ఆ పక్క ఊరి పద్మా యాంగ్‌డోల్‌ది పక్షుల గూళ్లకు కాపలా కాసే ఉద్యోగం. పేరు వినగానే తాయారు, “పద్మంటే మా పిల్లే” అని చెల్లెలిని చేసేసుకుంది. ఒకరి హిందీ ఒకరికి సగమే తెలిసేది. ఆ సగంలోనే బోలెడు కబుర్లు. ఒక పొద్దున్న పద్మ వచ్చి కూర్చుని గుప్పెట తెరిచింది. అందులో గుడ్డు పెంకులున్నాయి.

“మీ అన్నం కోసం కుక్కలు ఇక్కడే ఉండిపోయాయి దీదీ. రాత్రి గూడు దాకా వెళ్లాయి.”

“నేను అన్నం పెట్టాను గానీ గుడ్లు తినమన్నానా అమ్మా?” అంది తాయారు.

“ఈ బురదలో ఉన్నది ఈ ఒక్క జంటే. పోయిన ఏడూ పిల్ల దక్కలేదు. ఇలాగే అయితే ఇవి ఇక్కడికి రావడం మానేస్తాయి.”

తాయారు వెళ్లి చూసింది. కొంగలు రెండూ ఖాళీ గూటి దగ్గరే ఉన్నాయి. ఆడది ముక్కుతో గడ్డి పరకలు అటూ ఇటూ తిప్పి కింద వెతుకుతోంది. ఆ రోజు తాయారు అన్నం ముట్టలేదు.

ఆకులు రాలడానికి చెట్లు లేని చోట చలికాలం వచ్చిందని పక్షులే చెప్పాలి. బాతులు పోయాయి. కొంగలు రెండే వచ్చి రెండే వెళ్లిపోయాయి. అబ్బులు దంపతులు ఊరికి పోతూ నన్ను పద్మ ఇంట్లో వదిలారు. ఆమె నాలో మంచుగడ్డలు కరిగించి మేకలకు పట్టేది. మంచి నీళ్లన్నీ గడ్డకట్టాక ఎప్పటికో ఉప్పు సరస్సు గడ్డకట్టింది. దాని మీదుగా అడవి గాడిదలు నడిచి వెళ్లేవి. మంచు విరిగాక ఒక పొద్దున్న బాకా ఊదినట్టు కూత వినిపించింది. పద్మ చేతిలో చెంబు వదిలేసి బయటికి పరిగెత్తింది. ఆ జంట తిరిగొచ్చింది.

అబ్బులు దంపతులు కూడా వచ్చి నన్ను మళ్లీ డేరాకు తెచ్చుకున్నారు. దిగీదిగగానే తాయారు, “ఈ ఏడు ఒక్క మెతుకు పెట్టను” అంది.

“ఒక్కసారిగా మానేస్తే ఆకలితో ముందు గూటికే పోతాయి,” అంది పద్మ.

ఆలోచించి, కొండ వెనక పాడుబడిన గొర్రెల రాతి దొడ్డి బాగు చేశారు. గొడ్ల డాక్టర్లు వచ్చి కుక్కలకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఈసారి పుట్టబోయే కొంగ పిల్ల పెద్దదయ్యేదాకా కుక్కలకు తిండీ పడకా ఆ దొడ్డిలోనే. ఇక కొత్త కుక్కలు చేరకుండా ఉండాలంటే వంట కొలిచి వండాలి. అబ్బులుకు అది ప్రాణసంకటమైంది.

“ఎంత తింటారండీ అని అతిథిని అడగమంటావా? నేను వంటవాణ్ణా, రేషన్ డీలర్నా?”

“అడగండి. సిగ్గుగా ఉంటే నా పేరు చెప్పి అడగండి,” అంది తాయారు.

అడిగాడు. నేల చూస్తూ అడిగాడు. విచిత్రమేమంటే, యాత్రికులెవరూ ఏమీ అనుకోలేదు. మనుషులు ఇంతే. ఎదుటివాడు నవ్వుతాడని ఏళ్ల తరబడి భయపడతారు. ఎదుటివాడికేమో ఆ ధ్యాసే ఉండదు.

గూట్లో రెండు గుడ్లు. ఒకటి మురిగిపోయింది. రెండోది పిల్లయ్యింది. పసుపు రంగు దూది ఉండలా ఉందని పద్మ చెబితే తాయారు మూడుసార్లు చెప్పించుకుంది. సరిగ్గా ఆ వారంలోనే గాలివానకు దొడ్డి గోడ ఒక పక్క కూలింది. పొద్దున్నే ఉప్మా దింపుతుండగా పద్మ కేక వినిపించింది. రెండు కుక్కలు బురదలోకి దిగి గూటివైపు పోతున్నాయి. కొంగలు రెక్కలు చాపి అరుస్తున్నాయి. పద్మ పరిగెత్తబోయి మోకాళ్ల దాకా దిగబడిపోయింది.

“ఏవండీ, గుండిగ!” అని అరిచింది తాయారు.

అబ్బులు నన్ను అమాంతం ఎత్తి రాయి మీద పెట్టాడు. తాయారు గరిటె తిరగేసి బలం కొద్దీ కొట్టింది. అజ్జరం సుత్తుల తరువాత అంత దెబ్బ నేను ఎరగను. “రండర్రా! రండి నాయనా!” కుక్కలు ఆగాయి. ఒకసారి గూటివైపు, ఒకసారి నా వైపు చూశాయి. నాలో మెతుకు లేదు. అయినా మోగాను. అంచు సొట్టపోయేదాకా మోగాను. ముందు నల్లది తిరిగింది. దాని వెనక రెండోది. తోక ఊపుకుంటూ ఒడ్డుకొచ్చేశాయి.

తాయారు వాటిని మోసం చెయ్యలేకపోయింది. దొడ్డిలోకి నడిపించి, నెయ్యి వేసిన ఉప్మా అంతా పోసి, అబ్బులు గోడ కట్టేదాకా అక్కడే కూర్చుంది. ఆమె తిరిగొచ్చేసరికి డేరాలో యాత్రికులు పళ్లేలు పట్టుకుని చూస్తున్నారు.

“టిఫినేదమ్మా?”

“కుక్కలు తిన్నాయండి.”

“మరి మాకో?”

“వండుతాను. ముందు అక్కడ చూడండి, ఆ పిల్ల నడుస్తోంది.”

అందరూ పళ్లేలు పక్కన పెట్టి చూశారు. తల్లి కాళ్ల మధ్య నుంచి ఆ పసుపు ఉండ తూలుతూ నీళ్లలోకి దిగింది. జీడిపప్పు లేని ఉప్మా పెడితే పేచీ పెట్టేవాళ్లు ఆ పూట ఆకలి మాటే ఎత్తలేదు.

డేరాలు విప్పే రోజుల్లో పిల్ల ఎగరడం నేర్చింది. మొదట తడబడి బురదలో పడేది. పడ్డప్పుడల్లా తాయారు, “అయ్యో, మెల్లగా” అనేది. చలిగాలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మూడూ కలిసి లేచాయి. సరస్సు మీద ఒక చుట్టు తిరిగి దక్షిణపు కొండవైపు పోయాయి.

“మూడేనా?” అన్నాడు అంత దూరం చూపు ఆనని అబ్బులు.

“మూడే భయ్యా,” అంది పద్మ. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

కొండ మీద ఆ మూడు చుక్కలూ కనిపించకుండా పోయేదాకా ముగ్గురూ నిలబడ్డారు. తరువాత, పోయిన ఏడు ఖాళీ గూడు చూసి అన్నం ముట్టని తాయారు నా సొట్ట అంచు మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా కూర్చుంది.

“పద్మా, ఆకలేస్తోందే,” అంది.