అడిగినవాళ్ళ ఇల్లు

ఒనోఫ్రె బార్రియాకి నడుం నొప్పి ఉన్న సంగతి మా చిలోయె దీవిలో ఎద్దులకి కూడా తెలుసు. ఆ నొప్పి మామూలు రోజుల్లో రాదు. ఊళ్ళో ఎవరి ఇంటినైనా లాగాల్సిన రోజు తెల్లవారగానే వస్తుంది. మధ్యాహ్నం గుంటలో కాలిన రాళ్ళ మీద ఆల్చిప్పలూ, పొగపెట్టిన పంది మాంసమూ ఉడికి, పైన కప్పిన ఆకులు తీసే వేళకి మాయమవుతుంది. అప్పుడు మహానుభావుడు తోలు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుంటాడు. ఆ మనిషిని చూస్తేనే నాకు ఒళ్ళు మంట. దాచుకోను.

మావన్నీ చెక్క ఇళ్ళు. కింద నేల కోసుకుపోతే ఇంటిని కూల్చుకోం, లాక్కుపోతాం. దుంగల మీదికి ఎక్కించి ఎద్దుల్ని కడతాం, అవసరమైతే సముద్రంలో తేల్చి అవతలి గట్టుకి చేరుస్తాం. దీనికి కూలి లేదు. ఇల్లు లాగించుకునేవాళ్ళు గడపగడపకీ వెళ్ళి నోరు తెరిచి అడగాలి, ఆ రోజు అందరికీ కడుపు నిండా పెట్టాలి. అంతే.

ఆ చలికాలం వానలకి ఒనోఫ్రె ఇంటి ముందు గట్టు విరిగి నీళ్ళలో పడింది. వాకిట్లో చివరి మెట్టు గాల్లో వేలాడుతోంది. అయినా దొరగారు ఎవరి గడపా తొక్కలేదు. కూలి ఇస్తాను, ఎద్దుల్ని పంపండి అని కబురు పెట్టాడు. కూలట! ఆ కబురు తెచ్చినవాడి మొహాన తలుపేశాను. ఊరంతా అదే పని చేసింది.

అప్పుడు పెళ్ళాన్ని పంపాడు.

ఉబెర్లిందా వచ్చేసరికి నేను పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపలు తురుముతున్నాను. ఆమె శాలువా నీళ్ళోడుతోంది. ఎవరింటి లాగుడైనా ముందు రోజే వచ్చి చేతులు వాచేదాకా దుంపలు తురిమిపెట్టే మనిషి. అలాంటిదాన్ని ఈ దద్దమ్మకి కట్టబెట్టారు.

"రా వదినా, కూర్చో," అన్నాను. "మీ ఆయన కాళ్ళకేమైంది? నొప్పి నడుం లోంచి కిందికి దిగిందా?"

ఆమె నవ్వలేదు. "అడగడానికి వచ్చాను వదినా. శనివారం ఎద్దుల్ని తోలుకొస్తావా?"

"నువ్వడిగితే రానా? ఇంతకీ ఎక్కడికి లాగాలంట?"

"పైన తారు రోడ్డు పక్కకంటున్నాడు. పసుపు రంగు వేయించి, శాంతియాగో పట్నం నుంచి వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తాడట. వంట నేను. దుప్పట్లు ఉతకడం నేను. పొద్దున్నే నవ్వుతూ కాఫీ ఇవ్వడమూ నేనే."

"మరి ఆయనో?"

"గుమ్మంలో కుర్చీ వేసుకుంటాడు."

"సరే, నీకెక్కడ ఉండాలనుంది?"

ఆమె కిటికీ లోంచి అవతలి గట్టు వైపు చూసింది. "అక్కడ మా అమ్మ పొలముంది కదా. ఆపిల్ చెట్లు ఇంకా కాస్తున్నాయి. ఇంటిని అక్కడ పెట్టుకుంటే నాకు చాలు. ముక్కూమొహం తెలియనివాళ్ళ దుప్పట్లు ఉతుకుతూ చావలేను వదినా."

"ఈ మాట ఆయనతో అన్నావా?"

"ఆయనతోనా!"

నాకు కోపం ఆగలేదు. "బుర్ర ఉందా నీకు? అడుగుతున్నదెవరు? నువ్వు. ఇల్లు ఎటో చెప్పేదీ అడిగినవాళ్ళే. శనివారం లాగుడు నడిపించే నోల్బెర్తో తాత అందరి ముందూ నిన్నే అడుగుతాడు, అప్పుడు చెప్పు. పోటు వేళకి రమ్మని పడవలవాళ్ళని కూడా అడిగి పెట్టుకో."

"ఆ వేళకి నోరు పెగలకపోతే?"

"పెగలకపోతే దుప్పట్లు ఉతుక్కో."

కటువుగానే అన్నాను. ఆమె వెళ్ళాక పాపం అనిపించింది.

శనివారం పొద్దుటికి ఇల్లు దుంగలెక్కి ఉంది. కిటికీలు ఊడదీసి, గోడలు వంగకుండా లోపల అడ్డచెక్కలు కొట్టారు. ఒనోఫ్రె కొత్త టోపీ పెట్టుకుని చేతికర్రతో అందరికీ దారి చూపిస్తున్నాడు, అదేదో తనే లాగబోతున్నట్టు. కింద ఒడ్డున ఆగిన పడవల్ని చూసి, "తిండి అంటే చాలు, చేపలు పట్టేవాళ్ళు కూడా దిగిపోతారు," అన్నాడు. అనేదెవరో చూడండి!

"ఏం ఎర్మిందా, వంట గుంట ఎక్కడ తవ్వారు? పొగ కూడా కనపడదే?" అని నన్నడిగాడు.

"తవ్వార్లే," అన్నాను.

నోల్బెర్తో తాత ములుగర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. ఎనభై దాటినా ఆ గొంతుకి ఎద్దులు కదులుతాయి. "అమ్మా ఉబెర్లిందా, ఎటు?"

"పైకి! రోడ్డు మీదికి!" ఒనోఫ్రె అరిచాడు. "చెవుడా తాతా?"

తాత అటు తిరగనైనా లేదు. "నేనడిగింది నిన్ను కాదు. చెప్పమ్మా, ఎటు?"

ఉబెర్లిందా తడిలేని చేతుల్ని శాలువా కొసకి తుడుచుకుంటూ నిలబడింది. చెప్పవే, చెప్పు, అని లోపల తిట్టుకుంటున్నాను.

ఒనోఫ్రె నవ్వాడు. "దాన్నేం అడుగుతారు? కూరలో ఉప్పెంతో కూడా దానికి నేనే చెప్పాలి."

కొందరు నవ్వారు కూడా, సిగ్గులేని వెధవలు. ఆమె వాళ్ళ వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. చెయ్యెత్తి నీళ్ళ వైపు చూపించింది.

"అటు," అంది. వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పింది. "అవతలికి. మా అమ్మ పొలానికి."

దుంగలకి ముందూ వెనకా ఉండదు. ఎద్దుల్ని ఇవతలి కొస నుంచి విప్పి అవతలి కొసకి కట్టాం. ఒనోఫ్రె వాటి చుట్టూ పరుగులు పెట్టాడు. "నా ఇల్లు! అది నా ఇల్లయ్యా!"

"నీదైతే నువ్వే అడగాల్సింది నాయనా," అని తాత ఎద్దుల్ని అదిలించాడు.

ఇల్లు గట్టు విరగని పక్క వాలు మీదుగా కిర్రుకిర్రుమంటూ ఒడ్డు బురదలోకి దిగింది. పోటు ఎక్కాక నీళ్ళు దాన్ని పైకెత్తాయి, పడవలు తాళ్ళు బిగించాయి. మొదటి పడవలో ఉబెర్లిందా నిలబడే ఉంది. ఒనోఫ్రె నీళ్ళలోకి ఒకడుగు వేసి, తోలు బూట్ల వైపు చూసుకుని వెనక్కి వచ్చాడు. ఇల్లు పోతుంటే బూట్లు చూసుకున్నాడు! అంతవరకూ మిగిలిన జాలి కాస్తా అక్కడితో పోయింది.

చివరి పడవ నేనెక్కుతుంటే పక్కకొచ్చాడు. అప్పటికి అవతలి గట్టున పొగ లేస్తోంది, మాంసం వాసన ఇవతలికి కొడుతోంది.

"ఎర్మిందా, నన్నూ ఎక్కించుకోండి."

"ఇది అడగడమా, కబురా?"

టోపీ తీశాడు. "అడుగుతున్నాను."

"నన్ను కాదు. ఇల్లు ఆమెది, విందూ ఆమెదే. కేకెయ్, వినపడుతుంది."

పడవ సగం దూరం వెళ్ళాక వెనక నుంచి కేక వినపడింది. "ఉబెర్లిందా! నేనూ రావచ్చా?" ఆ మనిషి ఈ దీవిలో ఒకరిని అడగడం నేను వినడం ఆ రోజే మొదలు.

గట్టు మీద ఆమె గుంట పైని ఆకులు తీస్తోంది. నడుం నిటారుగా చేసి ఇటు చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క కేకేసింది.

"నడుం ఎలా ఉందీ?"

అతను ఏం జవాబిచ్చాడో తెలీదు. పడవలన్నిటి మీదా మేం పడీపడీ నవ్వుతున్నాం.